ఉస్మానియా దవాఖాన చింతచెట్టు: మా ముత్తాతను కాపాడింది ఈ చెట్టేనా?

మూసీవొడ్డు_పిల్ల
మొన్న 2025 సెప్టెంబర్ 26 రాత్రి మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్ళొచ్చాయి కదా. మర్నాడు పొద్దున టీవీలో అదే చూపిస్తున్నారు. మా అమ్మమ్మకు 84 ఏళ్ళు. కాఫీ గ్లాసు పక్కన పెట్టేసి, "మళ్ళీ అదే వారం చూడు" అంది. ఇంకేం మాట్లాడలేదు.

విషయం ఏంటంటే, 1908 సెప్టెంబర్ 28 వరదలో మా అమ్మమ్మ వాళ్ళ నాన్న చింతచెట్టెక్కి బతికాడు. అప్పుడాయనకు తొమ్మిదేళ్ళు. వాళ్ళమ్మ తన చీర విప్పి పిల్లాణ్ణి కొమ్మకు కట్టేసి, తను లోపలి లంగా జాకెట్టుతోనే కొమ్మ వాటేసుకుని కూర్చుందట. ఆ సంగతి ఆవిడ బతికున్నన్నాళ్ళూ బయటివాళ్ళ దగ్గర ఎవర్నీ చెప్పనివ్వలేదు. ఇప్పుడు ఎవరూ లేరు కాబట్టి చెప్తున్నాను, అందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

ఆకలేస్తే ఏం తిన్నారంటే చెట్టు మీది లేత చింతకాయలే. ఇప్పటికీ ప్రతి సెప్టెంబర్ 28న మా ఇంట్లో అన్నం ముద్ద నోట్లో పెట్టుకునే ముందు అందరం తలా ఒక లేత చింతకాయ కొరకాలి. ఉప్పు అద్దుకోకూడదు. చిన్నప్పుడు నాకది పెద్ద శిక్ష.

అడగాల్సినవి రెండు. ఉస్మానియా దవాఖాన ఆవరణలో ఉన్నది ఆ చెట్టేనా? 150 మంది బతికారంటారు, వాళ్ళ పేర్లు ఎక్కడైనా రాసి ఉన్నాయా? అమ్మమ్మను తీసుకెళ్ళి చూపిద్దామని ఉంది.

గోషామహల్_గల్లీ
గదే చెట్టు. దవాఖాన ఎనకాల మూసీ దిక్కు ఉంటది. అప్పుడది అఫ్జల్ పార్కు. ఇప్పుడున్న దవాఖాన బిల్డింగ్ అప్పటికి లేనే లేదు, అది తర్వాత కట్టిండ్రు.

లెక్కల_మాస్టారు
కథ బాగుందమ్మా, కానీ చిన్న అనుమానం. ఒక్క చెట్టు మీద 150 మందా? అంతమందిని కొమ్మలు ఆపుతాయా? ఇలాంటి అంకెలు చెప్పగా చెప్పగా పెరుగుతూ పోతాయి. తప్పుగా అనుకోవద్దు, ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పిన వాణ్ణి, అలవాటు పోదు.

గానుగ_ఇంటోడు
@లెక్కల_మాస్టారు మీ లెక్కే వేద్దాం సార్. మనిషికి సగటున 45 కిలోలు అనుకోండి, పిల్లలు కూడా ఉంటారు కదా. 150 మందికి 6,750 కిలోలు. ఏడు టన్నుల లోపే. అదీ ఒక కొమ్మ మీద కాదు, చెట్టంతా.

మాది తాతల నాటి గానుగ. రోలు భాగానికి చింత మొద్దే వాడేవాళ్ళం. ఎందుకంటే ఏళ్ళ తరబడి ఎద్దు తిప్పినా పగలదు, చీలదు. మీ ఊళ్ళో మటన్ కొట్టుకు వెళ్ళి కత్తి కింద ఏ మొద్దు ఉందో చూడండి. రోజూ వందల దెబ్బలు తిన్నా పొట్టు రాలదు. మా నాన్న గాలివానకు వేపకొమ్మ విరగడం చూశాడు, తుమ్మ పడిపోవడం చూశాడు, చింతకొమ్మ మాత్రం ఊగుతుంది, విరగదు అనేవాడు. చింతబరికతో బడిలో దెబ్బలు తిన్నవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కదిరి_మల్లెలు
చింతబరిక అనంగానే నా వీపు చురుక్కుమనింది 😄

లెక్కల_మాస్టారు
ఒప్పుకుంటున్నాను. పెద్ద చింత 70, 80 అడుగులు పెరుగుతుంది, అడ్డంగా కూడా అంతే విస్తరిస్తుంది. ఏడు టన్నులు సర్దుకునే బరువే. బరికల సంగతి నన్ను అడక్కండి, అప్పట్లో నేను బల్లకు ఇవతలి వైపు ఉన్నాను.

ఇమ్లీబన్_వాలా
బేటీ, మీ అమ్మమ్మ అన్న ఆ "మళ్ళీ అదే వారం" మాట నన్ను నిద్రపోనివ్వలేదు. మా ఇంట్లో దాన్ని "తుగ్యానీ సితంబర్" అంటారు. తుగ్యానీ అంటే పొంగు. పాత షహర్ ముసలివాళ్ళు తేదీలు ఆ లెక్కనే చెప్పేవాళ్ళు. "తుగ్యానీకి రెండేళ్ళ ముందు పుట్టాడు", "తుగ్యానీ అయినాక నికా అయింది", ఇట్లా.

మీకు తెలియకపోతే ఒక మాట. మొన్న మునిగిన బస్టాండు ఉన్న జాగా పేరే ఇమ్లీబన్. ఇమ్లీ అంటే చింత, బన్ అంటే వనం. బస్సు కండక్టర్లు ఇప్పటికీ ఇమ్లీబన్ అనే అరుస్తారు. చింతతోపు పేరు మీద కాంక్రీటు వచ్చింది, కాంక్రీటు మీదికి మూసీ వచ్చింది.

మూసీవొడ్డు_పిల్ల
పదేళ్ళ నుంచి ఇమ్లీబన్‌లో బస్సు ఎక్కుతున్నాను. ఒక్కసారి కూడా ఆ పేరు విప్పి చూసుకోలేదు. ఒళ్ళు జలదరించింది అంకుల్.

వనస్థలి_మామ
మన ఊరంతా చింతలేనమ్మా. చింతల్, చింతల్ బస్తీ, మా పక్కన చింతలకుంట. ఇప్పుడు చింతలకుంటలో చింతా లేదు, కుంట సంగతి చెప్పనే అక్కర్లేదు. మిగిలింది ట్రాఫిక్ చింత ఒక్కటే.

ఫ్రెమాంట్_శారద
ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మా వాళ్ళకి ఏ చెట్టూ దొరకలేదు. మా తాతగారి కుటుంబం కోల్సావాడి వైపు ఉండేది. నలుగురు పోయారు. తాతగారు ఆ వారం పెళ్ళికని వేరే ఊరు వెళ్ళారు కాబట్టి మిగిలారు. తిరిగి వచ్చేసరికి ఇల్లు ఎక్కడుండేదో కూడా తెలియలేదట. గుమ్మం ముందు తిరగలి రాయి ఉండేది, బురదలో ఆ రాయి కనబడితే అదే మా ఇల్లని గుర్తుపట్టారు. ఆ తిరగలి కింది రాయి మా అన్నయ్య వాళ్ళింట్లో తులసికోట దగ్గర ఉంది.

ఆ చెట్టు ఎక్కినవాళ్ళ గురించి ఎప్పుడు చదివినా నాకు సంతోషం, వెనకే ఒక పోటు. కొమ్మ అందినవాళ్ళ కథ మిగిలింది. అందనివాళ్ళకి రాయే మిగిలింది. పోయినవాళ్ళు 15 వేల మంది అని రాస్తారు. @మూసీవొడ్డు_పిల్ల మీరు పేర్లు రాసిపెట్టే పని మొదలుపెడితే మా నలుగురి పేర్లూ ఇస్తాను. చెట్టు ఎక్కినవాళ్ళ పక్కనే వాళ్ళనీ రాయండి.

మూసీవొడ్డు_పిల్ల
శారదక్కా, తప్పకుండా. వాళ్ళ పేర్లే ముందు రాస్తాను.

ఇమ్లీబన్_వాలా
శారదమ్మా, మీ మాట చదివి అమ్జద్ హైదరాబాదీ గుర్తొచ్చారు. రుబాయీలకు, అంటే నాలుగు పాదాల ఉర్దూ పద్యాలకు, పెద్ద పేరు ఆయనది. ఆ వరదలో ఆయన కళ్ళ ముందే తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు. ఇంటిల్లిపాదిలో ఆయన ఒక్కరే మిగిలారు. 1961 దాకా బతికారు, అంటే ఆ రోజు తర్వాత యాభై మూడేళ్ళు మోశారు. మా అబ్బాజాన్ ఆయన రుబాయీలు చదివేటప్పుడు మధ్యలో ఆగిపోయి కళ్ళద్దాలు తుడుచుకునేవారు.

లెక్కల_మాస్టారు
ఒక విషయం పట్టి పీకుతున్నానని అనుకోవద్దు. కొన్ని చోట్ల "రెండు రోజులు చెట్టు మీదే ఉన్నారు" అని రాశారు. 28 సోమవారం. తెల్లవారుజామున ఉప్పెన వచ్చి, ఆ సాయంత్రానికి నీరు తగ్గుముఖం పట్టింది. మరి రెండు రోజులు ఎలా? మీ అమ్మమ్మగారు ఏమంటారు?

మూసీవొడ్డు_పిల్ల
అమ్మమ్మ "రెండు రాత్రులు" అంటుంది మాస్టారూ. అడిగాను. "27 రాత్రి నిద్ర లేదు, 28 రాత్రి దిగే దారి లేదు" అని వాళ్ళ నాన్న చెప్పేవాడట.

గోషామహల్_గల్లీ
నీళ్ళు తగ్గినయ్ అంటే దిగొచ్చు అని కాదు సార్. అఫ్జల్‌గంజ్‌ల 11 అడుగుల నీళ్ళు నిలిచినయ్ అంటరు. పదకొండు నుంచి అయిదు అడుగులకు తగ్గినా తొమ్మిదేండ్ల పోరడు మునిగిపోతడు. ఆ బురద, ఆ చీకటి. ఎవరు దిగుతరు?

లెక్కల_మాస్టారు
27 రాత్రి, 28 రాత్రి. సరిగ్గా సరిపోయింది. ఇంకొకటి కూడా నాకు నేనే సరిచూసుకున్నాను. మా పెరట్లో చింత ఉంది. ఎండాకాలం చివర, తొలకరికి పూత. సెప్టెంబర్ ఆఖరుకి చిటికెన వేలంత పచ్చి పిందెలు, లోపల ఇంకా గింజ గట్టిపడి ఉండదు, కొరికితే పళ్ళు పులుస్తాయి గానీ నమలడానికి వస్తాయి. పండు కావాలంటే మాఘమాసం దాకా ఆగాలి. అంటే మీ ముత్తాత తిన్నవి లేత కాయలేనన్న మాట ఆ నెలకు అచ్చంగా కుదిరింది. కల్పించి చెప్పేవాళ్ళు "చింతపండు తిన్నారు" అనేవాళ్ళు. మీ ఇంటి కథ నిజమేనమ్మా. చెట్టే సాక్ష్యం చెప్పింది.

మూసీవొడ్డు_పిల్ల
మాస్టారూ, ఇది అమ్మమ్మకు చదివి వినిపించాను. "తెనాలి వాళ్ళకి కూడా తెలిసిందన్నమాట" అంది. మీది తెనాలి అని ఎలా తెలిసిందో అడక్కండి, ఆవిడకి ఆంధ్రా మాస్టార్లందరిదీ తెనాలే.

లెక్కల_మాస్టారు
నాది నిజంగా తెనాలే.

డ్యూటీరూం
ఆ ఆవరణలో మూడేళ్ళు పీజీ చేశాను. నైట్ డ్యూటీ మధ్యలో ఎన్నోసార్లు ఆ చెట్టు దాకా నడిచి వెళ్ళేవాణ్ణి. వార్డుల్లోంచి బయటికొచ్చిన పేషెంట్ బంధువులు కింద తువ్వాలు పరచి టిఫిన్ డబ్బాలు విప్పుకునేవాళ్ళు. రాత్రిపూట చింతాకు ముడుచుకుంటుంది, ఎప్పుడైనా గమనించారా? ఆకులు జంటలు జంటలుగా చేతులు జోడించినట్టు దగ్గరికి వస్తాయి. అప్పుడు పందిరి పలచబడి మధ్యలోంచి ఆకాశం కనిపిస్తుంది. తెల్లవారి ఆరున్నర ఏడుకల్లా మళ్ళీ విప్పుకుని దట్టమైన నీడ. ఒక రాత్రి ఒక పెద్దాయన, కొడుకు ఐసీయూలో ఉన్నాడు, నన్ను అడిగాడు: "డాక్టర్ సాబ్, ఈ చెట్టు నూటాయాభై మందిని నిలబెట్టిందట, ఇంకొకణ్ణి నిలబెట్టదా?" నా దగ్గర జవాబు లేదు. కొడుకు బతికాడు. ఇంటికి వెళ్ళే రోజు ఆయన నా గదికి రాలేదు, చెట్టు దగ్గరికి వెళ్ళి మొదట్లో ఒక కొబ్బరికాయ కొట్టి వెళ్ళాడు. నాకు కోపం రాలేదు.

కదిరి_మల్లెలు
డాక్టర్ గారూ ఏడిపించేసినారు.

మా అమ్మ అయితే "చింతమాను కింద రాత్రి పండుకోవద్దురా, దెయ్యముంటాది" అనేది. 150 మందిని కాపాడిన మాను మీద దెయ్యమెట్లా ఉంటాదిలే.

వనస్థలి_మామ
ఉన్నా అది డ్యూటీలో ఉన్న దెయ్యమే అయి ఉంటుంది.

పాలమూరు_పోరడు
నా పోస్టు కొంచెం పెద్దగుంటది, ఓపిక పట్టుండ్రి.

మాది మహబూబ్‌నగర్. మా పిల్లలమర్రి ఎరుకే గద, దగ్గర దగ్గర మూడెకరాలు పారిన మర్రి. చిన్నప్పుడు స్కూల్ టూర్ అంటే అదే. 2017 డిసెంబర్‌ల ఒక పెద్ద కొమ్మ విరిగి పడ్డది. చూస్తే లోపల చెద. అప్పుడు జనాన్ని లోపలికి రానియ్యకుండ బంద్ పెట్టిండ్రు. 2018ల దవాఖానల మనుషులకు పెట్టినట్టే చెట్టుకు సెలైన్ సీసాలు వేలాడదీసిండ్రు. చెద మందు నీళ్ళల్ల కలిపి చుక్క చుక్క ఎక్కిచ్చిండ్రు. కొమ్మల కింద పిల్లర్లు పెట్టి ఆపిండ్రు, వేర్ల కాడ మట్టి పోసిండ్రు. దేశమంతా ఫొటోలు చూసి నవ్వినోళ్ళు కూడా ఉన్నరు. మేం నవ్వలే. మా నాయిన ఆ వారమంతా రోజూ సైకిల్ మీద పోయి గేటు బయట నుంచి చూసొచ్చిండు. ఇంట్ల ముసలోళ్ళకు బాగలేకుంటే పోయినట్టు.

నేను చెప్పొచ్చేది ఏందంటే, కొమ్మ విరిగినంక ఉరికితే ఏం లాభం? మర్రికి ఊడలుంటయ్, మొదలు పోయినా ఊడలు నిలబెడ్తయ్. చింతకు ఊడల్లేవు. ఒక్కటే మొదలు. అది పోతే పోయినట్టే. గా చెట్టును ఇప్పుడే చూపించుండ్రి, తెలిసినోళ్ళకు.

కదిరి_మల్లెలు
మా తిమ్మమ్మ మర్రిమాను కూడా అంతే, ఊడలతోనే అయిదెకరాలు పాకింది. 1989లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. ఊడ నేలకు తగిలేదాకా వెదురు బొంగుల్లో మట్టి పోసి దారి చూపిస్తారు. పాలమూరు అన్న చెప్పింది నిజం, చింతకు ఆ వసతి లేదు.

వేర్లు_నేల
నా పని ఇదే, పాత చెట్ల సంరక్షణ. కొన్ని మాటలు చెప్తాను.

పాత చింత మొదలు లోపల తొర్ర పడటం జబ్బు కాదు. చెట్టు ప్రాణం బెరడు కింద ఉన్న పలచటి పొరలో ఉంటుంది, నడిమి చేవ చచ్చిన కట్టే. అది పుచ్చిపోయి గొట్టంలా మిగిలినా చెట్టు దశాబ్దాలు నిలబడుతుంది. గొట్టం కూడా బలమే కదా. కాబట్టి తొర్ర కనబడగానే సిమెంటు కూరేవాళ్ళని దయచేసి ఆపండి. సిమెంటు ఊగదు, చెట్టు ఊగుతుంది. రెండింటి మధ్య సందులో నీళ్ళు చేరి అసలు పుచ్చు అక్కడే మొదలవుతుంది.

రెండోది, మొదలు చుట్టూ అరుగు కట్టడం. మనవాళ్ళు ప్రేమతోనే కడతారు. కానీ నీళ్ళూ గాలీ పీల్చే సన్నవేర్లు పైపొర మట్టిలోనే ఉంటాయి, పందిరి నీడ ఎంతమేర పడుతుందో అంతకంటే దూరం పోతాయి. అరుగు, టైల్స్, పార్కింగ్ ఆ మట్టిని గట్టిపరుస్తాయి. ఢిల్లీ చెట్ల చుట్టూ కనీసం ఒక మీటరు కాంక్రీటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో చెప్పింది. నన్నడిగితే ఒక మీటరు సరిపోదు, కానీ అదైనా మొదలు. రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టకుండా కిందే వదిలేస్తే చాలు, సగం వైద్యం అయినట్టే.

మూడోది. ఎవరో ఇక్కడ అడగబోతారు, ముందే చెప్తున్నాను: "దవాఖానతో పాటు చెట్టునీ తవ్వి తరలిస్తే పోలా?" అని. ఆ వయసు చింతను కదపడమంటే చంపడమే. ఆలోచన కూడా వద్దు.

గోషామహల్_గల్లీ
నేనే అడుగుదామనుకున్న, మీరు ముందే నోరు మూయించిండ్రు 😀

గని ఒక మాట. కొత్త దవాఖానకు మా గోషామహల్‌ల 2025 జనవరి 31న శంకుస్థాపన అయింది. పేషెంట్లకు మంచి బిల్డింగ్ కావాలె. ఎవరన్నా పాతది, వారసత్వం, చెట్టు అని దానికి అడ్డం పడితే నేను ఒప్పుకోను. మా అమ్మకు అక్కడ్నే రెండు ఆపరేషన్లు అయినయ్. దవాఖాన ముఖ్యం.

ఫ్రెమాంట్_శారద
ఎవరూ అడ్డం పడట్లేదు తమ్ముడూ. దవాఖాన గోషామహల్ వెళ్తే వెళ్ళనీ. మరి పాత ఆవరణ? మనుషులు మసలినన్నాళ్ళూ చెట్టు కింద ఎవరో ఒకరు కూర్చుంటారు, బకెట్టు నీళ్ళైనా పారబోస్తారు. జనం వెళ్ళిపోయాక ఎవరు చూస్తారన్నదే నా భయం.

డ్యూటీరూం
పాత భవనం 2020 జులైలో వానకు వార్డుల్లోకి నీళ్ళొచ్చాక ఖాళీ చేశారు. 1925లో పూర్తయిన కట్టడం, విన్సెంట్ ఎష్ గీసిన నమూనా. ఆ గుమ్మటాల గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది మంచిదే. కానీ ఆ ఆవరణలో 1908ని చూసిన ప్రాణం ఆ చెట్టొక్కటే. భవనానికి ఇంకా పదిహేడేళ్ళు పట్టింది పుట్టడానికి. నా మటుకు నాకు, వారసత్వ జాబితా రాస్తే మొదటి పేరు చెట్టుదే ఉండాలి.

గోషామహల్_గల్లీ
@ఫ్రెమాంట్_శారద గట్లయితే సరే అక్కా. నేను పక్కనే ఉంట. ఎండాకాలం వారానికోసారి పోయి చూస్త. మాట ఇస్తున్న.

లెక్కల_మాస్టారు
ఆ వరద వల్లనే కదా 1909లో విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. మూసీ మీద, దాని ఉపనది ఈసీ మీద ఎగువన కట్టలు కట్టమన్నారు. ఉస్మాన్ సాగర్ 1920, హిమాయత్ సాగర్ 1927. అవి లేకపోతే ఈ ఊరికి ఇంకెన్ని తుగ్యానీలు వచ్చేవో.

పాలమూరు_పోరడు
అవి ఉండంగనే మొన్న బస్టాండు మునిగింది గద సార్.

లెక్కల_మాస్టారు
జలాశయం నిండితే గేట్లు ఎత్తక తప్పదు. ఎత్తితే నీళ్ళు పాతదారినే వెతుక్కుంటాయి. ఆ దారిలో మనం ఏం కట్టామన్నది ప్రశ్న. 1908లో నాలుగు వంతెనల్లో నిలిచింది 1578 నాటి పురానాపూల్ ఒక్కటే, కొత్తవి మూడూ కొట్టుకుపోయాయి. పాతవాళ్ళకి నది వెడల్పు ఎంతో తెలుసు.

ఇమ్లీబన్_వాలా
నిజాం మహబూబ్ అలీ పాషా మూసీ ఒడ్డుకు వచ్చి చీర, పసుపు కుంకుమ, ముత్యాలు సమర్పించి శాంతించమ్మా అని హారతి ఇచ్చారని పాతబస్తీలో హిందువులూ చెప్తారు, మేమూ చెప్తాము. ఇళ్ళు పోయినవాళ్ళకి తన మహళ్ళ తలుపులు తెరిపించారు. షహర్ అంటే అది.

అన్నట్టు, గ్వాలియర్‌లో తాన్‌సేన్ సమాధి పక్కన ఒక చింతచెట్టు ఉంది. ఆ ఆకు నమిలితే గొంతు తీపెక్కుతుందని పాటగాళ్ళు తెంపుకుపోతారు. నేను కూడా నమిలాను. గొంతు మారలేదు, పళ్ళు పులిశాయి. మన చెట్టు కాయ కొరికిన తొమ్మిదేళ్ళ పిల్లాడికి మాత్రం ఆయుష్షు పెరిగింది. ఎన్నేళ్ళు బతికాడమ్మా ఆయన?

మూసీవొడ్డు_పిల్ల
81 ఏళ్ళు అంకుల్. చివరిదాకా ఇంట్లో మంచం మీద కాకుండా ఎత్తు అరుగు మీదే పడుకునేవాడట. వానాకాలం అయితే మరీ.

గానుగ_ఇంటోడు
"చింత చచ్చినా పులుపు చావదు" అని ఊరికే అన్నారా.

వేర్లు_నేల
@మూసీవొడ్డు_పిల్ల వెళ్ళినప్పుడు ఫొటోలు తీయండి. మొదలు, మొదటి కొమ్మలు చీలిన చోటు, నేల. కొమ్మ చివర్లు ఎండి ఉన్నాయా, కొత్త ఆకు ఉందా, బెరడు మీద మట్టి గీతల్లాంటివి ఉన్నాయా చూడండి. మట్టి గీతలంటే చెద. టేపు ఉంటే ఛాతీ ఎత్తులో మొదలు చుట్టుకొలత కొలవండి, ఏటా అదే చోట కొలుస్తూ పోతే చెట్టు ఇంకా పెరుగుతుందో లేదో తెలుస్తుంది.

మూసీవొడ్డు_పిల్ల
వెళ్ళొచ్చాం. ఆదివారం పొద్దున, అమ్మ, అమ్మమ్మ, నేను. ఆటో దిగాక వీల్‌చెయిర్ దొరికింది కానీ అమ్మమ్మ కూర్చోనంది. "చెట్టు దగ్గరికి నడిచే వెళ్తా."

ముందు @వేర్లు_నేల అడిగినవి. కొమ్మ చివర్లు పచ్చగానే ఉన్నాయి. మాకు కనబడినంత ఎత్తులో మట్టి గీతలు లేవు. పిందెలు ఉన్నాయి, మాస్టారు చెప్పినట్టే చిటికెన వేలంత. టేపు మర్చిపోయాను. అమ్మ పైట చెంగు చుట్టబోతే అమ్మమ్మ ఆపింది. తన చీర కొంగు తీసి మొదలుకి ఆనించింది. చుట్టుకొలవడానికి కాదు, ఊరికే ఆనించి పట్టుకుని నిలబడింది. చీర సంగతి నేను మొదటి పోస్టులో రాశాను కదా. అప్పుడు అర్థమైంది నాకు.

బెరడు ఎలా ఉందంటే, ఎండిన చెరువు నేల నిలువునా లేచి నిలబడినట్టు. పగుళ్ళలో చీమలు బారులు. పగులులో నా వేలు మొదటి కణుపు దాకా దిగింది. అమ్మమ్మ పైకి చూస్తూ "ఏ కొమ్మో" అంది. మేం ముగ్గురం వెతికాం. కింది కొమ్మలు నీళ్ళకు అందేవే అనుకుని ఆ పైవి చూశాం. ఒకటి కుడివైపు అడ్డంగా వెళ్ళి మళ్ళీ పైకి తిరిగింది, మోచేయి మడిచినట్టు. "ఇక్కడైతే పిల్లాణ్ణి కట్టొచ్చు" అంది అమ్మ. నూట పదిహేడేళ్ళలో కొమ్మలు ఎన్ని మారాయో, అదే కొమ్మ కాకపోవచ్చు. మేం మాత్రం అదేననుకున్నాం.

పక్కన తువ్వాలు పరచుకుని ఒకావిడ కూర్చుంది, నారాయణపేట నుంచి, భర్తకి ఆపరేషన్. ఏంటమ్మా అని అడిగితే అమ్మమ్మ మొత్తం చెప్పింది, చీరతో సహా. ఇన్నేళ్ళు దాచిన మాట పరాయి మనిషికి చెప్పేసింది. ఆవిడ విని లేచి వెళ్ళి చెట్టుకి దణ్ణం పెట్టుకుని, వచ్చి డబ్బా విప్పి మాకు తలా ఒక సజ్జరొట్టె ముక్క ఇచ్చింది.

డ్యూటీరూం
ఆ రొట్టె ముక్క కోసమైనా నేను మళ్ళీ వెళ్తాను.

ఫ్రెమాంట్_శారద
డిసెంబర్‌లో వస్తున్నాను. నేనూ వస్తాను. తిరగలి రాయి మోసుకురాలేను కానీ ఫొటో తెస్తాను.

మూసీవొడ్డు_పిల్ల
రండక్కా. ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం కొన్నాను. మొదటి పేజీలో మీ నలుగురూ. రెండో పేజీలో మా ముత్తాత, వాళ్ళమ్మ. ఇంకెవరింట్లోనైనా ఇలాంటి మాట ఉంటే పేరు, అప్పటి వయసు, ఏ వీధి, ఇంట్లో ఏం చెప్పుకుంటారు, ఇంతే ఇక్కడ రాయండి. చిన్న మాటైనా పర్వాలేదు.

ఇమ్లీబన్_వాలా
మా ఖాలా వాళ్ళ నానమ్మ. ఆరేళ్ళు. పేరు రేపు కనుక్కుని రాస్తాను. ఇల్లు అఫ్జల్‌గంజ్ ధాన్యం కొట్ల వెనక. బియ్యం బస్తాల మీదికి ఎక్కించి, అక్కణ్ణుంచి కప్పు మీదికి లాగారని చెప్పేవారు.

మూసీవొడ్డు_పిల్ల
మూడో పేజీ మీదే అంకుల్.

లెక్కల_మాస్టారు
పండిన కాయలు కావాలంటే శివరాత్రి నాటికి వెళ్ళాలి. రాలినవి ఏరండి, కొట్టి దులపొద్దు. గింజలు ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టి నాటితే వారం, పది రోజుల్లో మొలకొస్తుంది. నాకు రెండు గింజలు పోస్టులో పంపండి, మా పెరట్లో చోటుంది.

పాలమూరు_పోరడు
నాకు నాలుగు. పిల్లలమర్రి దిక్కు పోయే తొవ్వల మా చెలక ఉంది.

గోషామహల్_గల్లీ
శివరాత్రికి నేను వస్త. సంచి నేను తెస్త, టేపు కూడ నేనే తెస్త.